విశాఖలో రెండు వన్డేలు, మధ్యలో ఒక టెన్నిస్ బాల్ టోర్నమెంట్

2025 మహిళల క్రికెట్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు వైజాగ్‌కి ఐదు ఇచ్చారు, అందులో ఇండియావి రెండు, అక్టోబర్ 9న సౌతాఫ్రికాతో, 12న ఆస్ట్రేలియాతో. విజయవాడ నుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణం, దిగితే ఎంవీపీ కాలనీలో పిన్నీ వాళ్ళ ఇల్లు ఉంది, ఇంకేం కావాలి. మా అమ్మాయికి పదమూడేళ్ళు, క్రికెట్ క్యాంపుకి వెళ్తుంది, ఎడం చేత్తో స్పిన్ వేస్తుంది, ఇండియా జట్టులో ఎడం చేతి స్పిన్నర్ శ్రీచరణి అంటే దానికి ప్రాణం. శ్రీచరణిది కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలో ఒక పల్లె, 2004లో పుట్టింది, ముందు రన్నింగ్ వైపు వెళ్ళి తర్వాత క్రికెట్‌లోకి వచ్చింది, ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఆడిన మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. మన రాష్ట్రం పిల్ల మన రాష్ట్రంలోనే వరల్డ్ కప్ ఆడుతుంటే చూడకుండా ఎలా ఉంటాం, స్కూల్లో సెలవు చీటీ ఇచ్చి తీసుకెళ్ళిపోయాను. రెండు మ్యాచ్‌ల మధ్య శుక్ర, శనివారాలు విజయనగరం, భోగాపురం వైపు తిరిగాం. అక్కడ చూసిన ఆట గురించి కూడా ఇందులో రాస్తున్నాను, నిజం చెప్పాలంటే అదే ఎక్కువ రాయాలనిపిస్తోంది.

అక్టోబర్ 9, గురువారం, పి.ఎం.పాలెం

మబ్బు, ముసురు. పిన్ని పెసరట్టు ఉప్మా పెట్టి అల్లం చట్నీ గిన్నె మా మధ్యలో పెట్టేసి వెళ్ళింది, మేం తింటున్నామన్న మాటే గానీ కళ్ళన్నీ కిటికీ మీదే. బాబాయ్ మాత్రం "ఆ గ్రౌండు తొందరగానే ఆరిపోద్దమ్మా, కంగారు పడకండి" అని పేపర్ చదువుకుంటున్నాడు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యాడు, డిపార్ట్‌మెంట్ల మధ్య జరిగే టోర్నమెంట్లలో చాలా ఏళ్ళు ఓపెనింగ్ ఆడాడు. 1996 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్ పాత స్టేడియంలో జరిగింది, ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, అందులో మార్క్ వా 130 కొట్టాడు, అది ఆయన నేరుగా చూశాడు. 2005 ఏప్రిల్‌లో ఈ కొత్త స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ కొట్టిన 148 కూడా చూశాడు. ఆ రోజు నేను విజయవాడలో పక్కింటి వాళ్ళ టీవీ ముందు కూర్చుని చూసినదాన్ని, అందుకే ఆయన చెబుతుంటే ఒక్కో షాటూ ఏ వైపు వెళ్ళిందో అడిగి అడిగి చెప్పించుకున్నాను.

మద్దిలపాలెంలో తగరపువలస వెళ్ళే సిటీ బస్సు ఎక్కాం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులు ఫ్రీ కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తున్నారు, పిన్నికీ నాకూ అమ్మాయికీ అలాగే ఇచ్చారు, బాబాయ్ ఒక్కడే డబ్బులు పెట్టి కొనుక్కున్నాడు. కండక్టరమ్మ మా అమ్మాయి నీలం జెర్సీ చూసి "మ్యాచ్‌కేనేటి ఎల్తన్నారు? ఎవలెవలికీ?" అంది. ఇండియా, సౌతాఫ్రికా, ఆడవాళ్ళ వరల్డ్ కప్ అని చెప్పాను. "మనోళ్ళు గెలవాల మరి, నాను డ్యూటీ దిగీసరికి సెల్లులో సూత్తాను" అని, స్టేడియం దగ్గర స్టాపు కాకపోయినా ఆపించింది.

ఈ టోర్నమెంట్‌లో లీగ్ మ్యాచ్ టికెట్లు వంద రూపాయల నుంచి పెట్టారు, ఇది చాలా మంచి పని, ఎందుకంటే లోపల చూస్తే మగవాళ్ళ మ్యాచ్‌లకి ఎప్పుడూ కనపడని జనం. యూనిఫాంలో వచ్చిన స్కూలు పిల్లలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, నా పక్క సీట్లో గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాలు కబడ్డీ ఆడుతుందట, "ఆటలో ఆడపిల్లలు ఎలా ఉంటారో సూద్దామని ఒచ్చినాను" అంది. ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ సీసా, చక్కిలాల డబ్బా గేటు దగ్గరే వదిలెయ్యాలి, లోపల తిండి ఖరీదే, నలుగురికి రెండుసార్లు తిండీ నీళ్ళూ కలిపి టికెట్ల కన్నా ఎక్కువైంది. వెళ్ళేవాళ్ళు కడుపు నిండా తిని వెళ్ళండి.

ఔట్‌ఫీల్డ్ తడిగా ఉందని గంట ఆలస్యంగా మొదలుపెట్టారు, ఓవర్లు మాత్రం తగ్గించలేదు. సౌతాఫ్రికా టాస్ గెలిచి మనకి బ్యాటింగ్ ఇచ్చింది. ఓపెనర్ స్మృతి మంధాన 23కే ఔటైనా ఆ కాసేపట్లోనే మహిళల వన్డేల్లో ఒక్క క్యాలెండర్ ఇయర్‌లో అత్యధిక పరుగుల రికార్డు దాటేసింది, అది 1997 నుంచి బెలిండా క్లార్క్ పేరు మీద 970తో ఉండేది. తర్వాత టపటపా పడిపోయి 102కి 6 వికెట్లు. స్టాండ్ మొత్తం నీరుగారిపోయింది. అప్పుడు ఎనిమిదో నంబరులో వచ్చిన రిచా ఘోష్ ఆడింది చూడండి, 77 బంతుల్లో 94, స్నేహ్ రాణా తోడుగా ఎనిమిదో వికెట్‌కి 88, మొత్తం 251. మా పక్క పెద్దావిడకి ఎల్బీడబ్ల్యూ ఏంటో తెలీదు, కానీ రిచా కొట్టిన ప్రతి సిక్స్‌కీ ముందు లేచి నిలబడింది ఆవిడే.

సౌతాఫ్రికా కూడా 81కి 5. ఇక గెలిచేశాం అనుకున్నాం అందరం. వోల్వార్ట్ 70 దగ్గర ఔటయ్యాక కూడా ట్రయాన్ 49 చేసింది, ఆ తర్వాత నదీన్ డి క్లెర్క్ 54 బంతుల్లో 84 నాటౌట్, ఇంకా 7 బంతులు మిగిలుండగానే సిక్స్‌తో ముగించేసింది. శ్రీచరణి బౌలింగ్‌కి వచ్చినప్పుడల్లా "చరణీ చరణీ" అని మా వైపు పిల్లలు గొంతులు చించుకున్నారు, మా అమ్మాయి మాత్రం ఒక్కసారి కూడా అరవలేదు, ఆమె క్రీజులో ఎక్కడ నుంచి వేస్తోంది, కుడిచేయి ఎప్పుడు దించుతోంది, అది చూస్తూ తన చేతిని ఒళ్ళోనే చిన్నగా అలాగే తిప్పుకుంటూ కూర్చుంది. ఓడినందుకు బాధపడ్డాను, కానీ డి క్లెర్క్ ఆడిన ఆటకి మా స్టాండ్ వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు, వైజాగ్ వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

అక్టోబర్ 10, శుక్రవారం, విజయనగరం

వైజాగ్ దాకా వచ్చి పాతకాలం ఇండియా కెప్టెన్ విజ్జీ ఊరు చూడకుండా వెళ్తే క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి పాపం తగులుతుందని బాబాయ్ మాట. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం, అందులో కూడా మాకు జీరో టికెట్లే.

ఊళ్ళో మంగళవారం నాడే పైడితల్లి అమ్మవారి సిరిమాను అయ్యింది. పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి కోట దగ్గరికీ గుడి దగ్గరికీ తిప్పుతారు, లక్షల మంది వస్తారు. మేం వెళ్ళేసరికి తీర్థం దుకాణాలు ఇంకా పూర్తిగా ఎత్తలేదు, మూడులాంతర్ల దగ్గర గాజులు, ప్లాస్టిక్ బొమ్మలు, ఖాజాలు, జీళ్ళు. ఒక జీళ్ళ కొట్టాయన "తీర్తం ఐపోనాది, మిగిలింది తినీయండమ్మా" అని పావుకిలోకి ఇంకో గుప్పెడు కలిపి కట్టాడు, డబ్బులు మాత్రం పావుకిలోకే తీసుకున్నాడు. చదురుగుడిలో అమ్మవారి దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది.

ఆటో అబ్బాయికి క్రికెట్ గ్రౌండ్ అని చెప్తే ఊరు దాటించి ఏసీఏ, అంటే ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ వాళ్ళ కాంప్లెక్స్ వైపు తీసుకెళ్ళిపోయాడు, అది డాక్టర్ పి.వి.జి. రాజు పేరు మీద కట్టినది, ఆయన విజ్జీకి అన్న కొడుకే. ఆ రోజు అక్కడ మ్యాచ్ ఏదీ లేదు. మాకు కావలసింది ఊళ్ళో ఉన్న విజ్జీ స్టేడియం అని చెప్తే "అయ్యో ముందే సెప్పాల కదండీ" అని వెనక్కి తిప్పి, తిరుగుడికి అదనంగా ఇవ్వబోతే పుచ్చుకోలేదు, టీ మాత్రం తాగాడు.

విజ్జీ గురించి కాస్త చెప్పాలి. విజయనగరం మహారాజకుమార్, 1905లో పుట్టాడు, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన ఇండియా జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. ఆ టూర్‌లోనే లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించేశారు, ఆ రోజుల్లో మన జట్టులో ఉన్న అతి మంచి ఆటగాళ్ళలో ఒకడిని. డబ్బూ హోదా ఉన్నవాడు కెప్టెన్ అయ్యాడు, ఆట ఉన్నవాడు ఓడెక్కి వచ్చేశాడు, నేను దీన్ని ఎప్పటికీ క్షమించలేను. అయితే బాబాయ్ వాదన వేరు. అదే విజ్జీ 1930-31లో ఇంగ్లండ్ మేటి బ్యాట్స్‌మన్ జాక్ హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ ఇండియాకి రప్పించి తన జట్టులో ఆడించాడు, తర్వాత బోర్డు ప్రెసిడెంట్ అయ్యాడు, యూనివర్సిటీ కుర్రాళ్ళు ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పేరు మీదే, అందులో ఆడి పైకొచ్చినవాళ్ళు ఎంతమందో. ఇద్దరం ఆ స్టేడియం మెట్ల మీద కూర్చుని దీని మీద గంటసేపు వాదించుకున్నాం. కింద కుర్రాళ్ళు ప్రాక్టీస్ చేసుకుంటున్నారు, ఒక్క ఆడపిల్ల కూడా కనపడలేదు. మా అమ్మాయి అది గమనించి నన్ను అడిగింది, ఇక్కడ అమ్మాయిలు ఏ టైమ్‌కి వస్తారూ అని. నేను అక్కడున్న ఒక కుర్రాణ్ణి అడిగితే "తెలీదండి, నాను ఎప్పుడూ సూడనేదు" అన్నాడు.

మధ్యాహ్నం గంటస్తంభం దగ్గర్లో ఒక చిన్న మెస్‌లో భోజనం, మనిషికి వంద. ఆవ పెట్టిన అరటికాయ కూర, ముద్దపప్పు, చారు, గడ్డ పెరుగు. ఆవ ఘాటు ముక్కుకి ఎక్కి మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు వస్తే వడ్డించే ఆవిడ పరుగున వచ్చి నెయ్యి వేసింది, "పెరుగు కలిపీసుకో అమ్మా, తగ్గిపోద్ది" అని తగ్గేదాకా పక్కనే నిలబడింది. కూర మాత్రం మళ్ళీ వేయించుకున్నాం.

అక్టోబర్ 11, శనివారం, భోగాపురం దాటాక

బాబాయ్ స్టీల్ ప్లాంట్ స్నేహితుడి ఊళ్ళో దసరా టోర్నమెంట్ సెమీస్, ఫైనల్ ఒకే రోజు పెట్టారు, రమ్మని ఫోన్. భోగాపురం వైపు అప్పుడు ఎయిర్‌పోర్టు పనుల వల్ల ఎక్కడ చూసినా వెంచర్లే, రాళ్ళు పాతి రోడ్లు వేసి ఇళ్ళు కట్టకుండా వదిలేసిన స్థలాలు. ఆ ఊరి కుర్రాళ్ళ గ్రౌండు అలాంటి వెంచరే. పాత గ్రౌండు ఏమైందని అడిగితే అదే ఇది, అమ్మేశారు, ఇల్లు కట్టేదాకా ఆడుకుంటాం అన్నారు. ప్లాటు రాళ్ళ మీద గోనెసంచులు కప్పి తాళ్ళతో కట్టారు ఫీల్డర్లకి దెబ్బ తగలకుండా. పిచ్ ఎర్రమట్టి, రాత్రి తడిపి, రోలర్ లేక ట్రాక్టర్ చక్రాలతో తొక్కించారట. బౌండరీకి సున్నం గీత, ఒక వైపు జీడిమామిడి తోట, బంతి నేరుగా తోటలో పడితే సిక్స్, దొర్లి వెళ్తే ఫోర్, రెండో వైపు తారురోడ్డు దాటితే ఎంత కొట్టినా ఫోరే, ఎందుకంటే బళ్ళు తిరుగుతుంటాయి.

పదహారు టీములు, ఎంట్రీ ఫీజు రెండు వేలు, ఫస్ట్ ప్రైజ్ ముప్ఫై వేలు, సెకండ్ పదిహేను, డబ్బులిచ్చిన దాతల ఫోటోలతో పెద్ద ఫ్లెక్సీ. షామియానా కింద మాకు కుర్చీలు వేశారు, మేం వద్దన్నా వినకుండా పెద్దమనుషుల్ని వెనక్కి జరిపి పిన్నినీ నన్నూ ముందు కూర్చోబెట్టారు. మొత్తం గ్రౌండులో ఆడవాళ్ళం మేం ముగ్గురమే, ఇంకా రోడ్డవతల ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళు. మైకులో కామెంటరీ చెప్పే కుర్రాడు ఆగకుండా మూడు పనులు చేస్తున్నాడు, బంతి బంతికీ స్కోరు, దాతల పేర్లు, "ఎర్ర పల్సర్ ఎవరిదో, లెగ్ అంపైర్ ఎనకాల పెట్టీసినారు, తీయాలి బాబూ, బంతి తగిలితే కమిటీకి సంబంధం నేదు".

స్కోరు రాసేది తొమ్మిదో తరగతి పిల్లాడు. ఫోన్‌లో క్రిక్‌హీరోస్ యాప్‌లో కొడుతూనే, చార్జింగ్ అయిపోతే ఎలా అని పక్కన పొడుగు నోటుబుక్కులో కూడా రాస్తున్నాడు. ఆ బుక్కు తీసి చూశాను. స్కేలు పెట్టి గీతలు గీసి, డాట్ బాల్‌కి చుక్క, వైడ్‌కి కూడిక గుర్తు, వికెట్ పడితే ఎర్ర పెన్ను, ఓవరు అయిపోగానే కింద మొత్తం, ఒక్క కొట్టివేత లేదు. పాత పేజీల్లో కిందటి సంక్రాంతి టోర్నమెంట్ స్కోర్లు కూడా అలాగే ఉన్నాయి. ఎవరు నేర్పారు అంటే "మా అన్నయ్య రాసేవోడండి, ఆడు ఇప్పుడు ఆడతన్నాడు" అని మిడాన్ వైపు చూపించాడు.

మిడాన్‌లో ఉన్న ఆ అన్నయ్య పైడిభీమవరంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసి, పొద్దున బస్సు దిగి నేరుగా గ్రౌండుకి వచ్చాడు. బ్యాగులో యూనిఫాం, టిఫిన్ డబ్బా, వాటి కింద బ్యాటు. కాళ్ళకి షూ లేవు, బొటనవేలికి తెల్ల ప్లాస్టర్ చుట్టుకున్నాడు. సెమీస్‌లో ఆఖరి ఓవరు అతనికే ఇచ్చారు, 9 పరుగులు కాపాడాలి. టెన్నిస్ బాల్‌తో యార్కర్, అంటే సరిగ్గా బ్యాట్స్‌మన్ కాళ్ళ దగ్గర పడే బంతి, వెయ్యడం లెదర్ బాల్ కన్నా కష్టం, కాస్త ఎత్తులో పడితే బంతి జీడితోటలో ఉంటుంది. ఆరు బంతుల్లో నాలుగు బ్యాట్ కిందకే వేశాడు, ఒకటి ఫుల్‌టాస్ పడి ఫోరు పోయింది, ఒక సింగిల్, ఒక రెండు, అంతే. గెలిచాక టీము మొత్తం మీద పడితే అతను కిందనే కూర్చుండిపోయి నీళ్ళు అడిగాడు. గురువారం నాడు డి క్లెర్క్‌కి ఎదురుగా ఆఖరి ఓవర్లు వేసిన మన పిల్లల ముఖాలే నాకు గుర్తొచ్చాయి. అక్కడ స్టేడియం నిండా లైట్లు, ఇక్కడ షామియానా, కానీ ఆఖరి ఓవరు బంతి చేతిలో పెట్టినప్పుడు మనిషికి పట్టే చెమట ఒకటే.

ఫైనల్‌కి ముందు భోజనాలు, కమిటీ వాళ్ళే వండించారు, ఆడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ ఒకే పంక్తి. సాంబారన్నం, వంకాయ బంగాళాదుంప కూర, మజ్జిగ. అంపైర్‌తో పొద్దున అరుచుకున్న కెప్టెన్ ఆయన పక్కనే కూర్చుని ఆయన ఆకులో కూర వేయించాడు.

భోజనాల తర్వాత మా అమ్మాయి బంతి పట్టుకుని పక్కన గోడకి వేసుకుంటుంటే కమిటీలో ఒకాయన చూసి "మేడం, పాప బౌలింగ్ సేస్తాదా, ఫైనల్ లేట్ అవుద్ది, రమ్మనండి" అన్నాడు. పిచ్ మీద కాసేపు వేసింది. లెదర్ బాల్ అలవాటు కదా, టెన్నిస్ బాల్ తేలికై చేతిలోంచి పైకి జారిపోతోంది, మొదట రెండూ తోటలోకి వెళ్ళాయి. ఫార్మా అబ్బాయి వచ్చి బంతి తీసుకుని, వేళ్ళు బాగా దగ్గరికి పెట్టి పట్టుకోమనీ, అరచేతికి ఆనించమనీ, వేగం తగ్గించొద్దనీ చూపించాడు. తర్వాత వేసినవి నేల మీద పడి కాస్త తిరిగాయి, ఎవరూ ఔటవ్వలేదు, ఒక బంతికి మాత్రం బ్యాట్స్‌మన్ ఆగి "ఇది బాగుంది" అన్నాడు. రోడ్డవతల గుమ్మాల్లో ఉన్న పిల్లలు అప్పుడు రోడ్డు దాటి గీత దాకా వచ్చారు, ఒక ఆరుగురు దాకా, చంకల్లో తమ్ముళ్ళని ఎత్తుకున్నవాళ్ళు కూడా.

నేను కమిటీ ఆయన్ని అడిగాను, మీ ఊళ్ళో అమ్మాయిల టీము ఎందుకు పెట్టరూ అని. ఆయన తప్పించుకోలేదు. "పెడతామండి, కానీ ఈలల మధ్య, ఈ జనం మధ్య తల్లిదండ్రులు పంపరు. ఆల్లు పంపిత్తే మాకేటి, మైకు మాదే, గ్రౌండు మాదే" అన్నాడు. ఆయన మాట కొంతవరకు నిజమే. కానీ ఇంకో సగం ఉంది, ఆడపిల్లలకి ఆడే సమయం ఎవరూ కేటాయించరు. నేను కూడా మా అన్నయ్యలతో వీధిలో పన్నెండేళ్ళ దాకా ఆడాను, ఒకరోజు ఇంక వెళ్ళొద్దన్నారు, ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ప్రాక్టీస్‌కి అకాడమీలు ఇప్పుడు వచ్చాయి, మంచిదే, ఫీజు కట్టగలిగినవాళ్ళు వెళ్తారు. కానీ మగపిల్లలకి అకాడమీ కన్నా ముందు ఈ టోర్నమెంట్ ఉంది, ఓడిపోవడం, తిట్లు తినడం, ఆఖరి ఓవరు వెయ్యడం అన్నీ ఇక్కడే ఫ్రీగా నేర్చుకుంటారు. ఆడపిల్లలకి ఆ మెట్టే లేదు.

ఫైనల్ పక్క ఊరి టీము గెలిచింది. అదేమంత గట్టి మ్యాచ్ కాదు, ఏడు ఓవర్లలోనే అయిపోయింది. ఫార్మా అబ్బాయి బహుమతులు ఇచ్చేదాకా కూడా ఉండలేదు, మళ్ళీ నైట్ షిఫ్టట.

అక్టోబర్ 12, ఆదివారం, బీచ్ రోడ్డు, మళ్ళీ స్టేడియం

ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ వెళ్ళాం. ఇసుకలో పది పన్నెండు ఆటలు ఒకదాని మీద ఒకటి, ఒకళ్ళ మిడాఫ్ ఇంకొకళ్ళకి స్లిప్. తడి ఇసుక గట్టిగా ఉన్న చోటే పిచ్, అల వస్తే ఆపి, వెనక్కి పోగానే మళ్ళీ మొదలు. ఒక ఆటలో ఇంటిల్లిపాదీ ఆడుతున్నారు, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఒక అత్తగారు కీపింగ్. ముంత మసాలా తిన్నాం, మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, ముంత కుదిపి కుదిపి ఇచ్చాడు, ఇద్దరికీ కలిపి ఎనభై. అక్కడ నుంచి ఇంటికెళ్ళి గట్టిగా భోంచేసి స్టేడియానికి.

ఆ రోజు స్టేడియంలో మిథాలీ రాజ్ పేరుతో స్టాండ్ ప్రారంభించారు, రావి కల్పన పేరు కూడా పెట్టారు. సికింద్రాబాద్‌లో పెరిగి 232 వన్డేలు ఆడి 7805 పరుగులు చేసిన మిథాలీ అందరికీ తెలుసు. కల్పన మా విజయవాడ వైపు అమ్మాయి, ఆటో నడిపే తండ్రి కూతురు, వికెట్ కీపర్, ఇండియాకి 7 వన్డేలు ఆడింది. నాకు ఆ రెండో పేరు చూసినప్పుడు ఎక్కువ సంతోషమైంది. 7 మ్యాచ్‌లు ఆడినామె పేరు కూడా గోడ మీద ఉండాలి, అక్కడిదాకా రావడానికి పడే కష్టం ఏమీ తక్కువ కాదు.

స్టాండ్స్ కిక్కిరిశాయి. ప్రతికా రావల్ 75, స్మృతి 66 బంతుల్లో 80, మొదటి వికెట్‌కే 155. స్మృతి ఆ ఇన్నింగ్స్‌లోనే వన్డేల్లో 5000 దాటింది, ఒకే ఏడాది 1000 పరుగులు చేసిన మొదటి మహిళ కూడా అయ్యింది. 294కి 4 దగ్గర మేం 360 లెక్కలు వేసుకుంటున్నాం, అక్కడ నుంచి 36 పరుగులకి ఆరు వికెట్లు పోయి 330కి ఆలౌట్, ఏడు బంతులు ఆడకుండానే. సదర్లాండ్ 5 వికెట్లు. బాబాయ్ తల పట్టుకున్నాడు, "ఓపెనర్లు ఇచ్చింది కిందోళ్ళు వదిలీసినారు" అని.

తర్వాత అలిసా హీలీ. 107 బంతుల్లో 142. కోపం రాలేదు, నిజంగా, అంత చక్కని ఆట. ఆ మధ్యలో శ్రీచరణి ఒక్కతే ఆస్ట్రేలియాని పట్టి ఉంచింది, 10 ఓవర్లు, 41 పరుగులు, 3 వికెట్లు, మిగతా అందరినీ కొట్టిన పిచ్ మీద. హీలీ వికెట్ కూడా తనదే, స్నేహ్ రాణా కిందకి వంగి పట్టిన క్యాచ్, థర్డ్ అంపైర్ చూసి ఔట్ ఇచ్చేదాకా స్టేడియం ఊపిరి బిగబట్టి ఉంది, ఇచ్చాక నా చెవులు పనిచెయ్యలేదు. మా అమ్మాయి అప్పుడు అరిచింది, ఆ రెండు మ్యాచ్‌ల్లో మొదటిసారి. కానీ మనకి ఐదుగురే బౌలర్లు, ఒక్కరు దెబ్బ తింటే పూడ్చడానికి ఆరో మనిషి లేదు, ఇది మాత్రం సెలెక్షన్ తప్పే అని నా గట్టి అభిప్రాయం. మధ్యలో రిటైర్డ్ హర్ట్‌గా బయటికెళ్ళిన పెర్రీ మళ్ళీ వచ్చి సిక్స్‌తో ముగించింది, 49 ఓవర్లకి 331. మహిళల వన్డేల్లో ఇంత పెద్ద ఛేజింగ్ అప్పటిదాకా లేదు.

బయటికి వచ్చేసరికి హైవే నిండా జనం, ఆటోలు ఎంవీపీకి ఐదు వందలు అడుగుతున్నారు, మామూలుగా అయితే సగం కూడా ఉండదు. ఎండాడ వైపు నడుచుకుంటూ వెళ్తే ఒక సిటీ బస్సు దొరికింది. బస్సంతా మ్యాచ్ గురించే, నిలబడ్డ ఒక కాలేజీ అమ్మాయి, కూర్చున్న ఒక మేస్త్రీ, ఇద్దరూ ఆఖరి పది ఓవర్లలో ఎవరికి బంతి ఇవ్వాల్సిందో హనుమంతవాక దాకా వాదించుకున్నారు.

అక్టోబర్ 13, సోమవారం, ఇల్లు

పిన్ని మాడుగుల హల్వా, ఆవకాయ కట్టి ఇచ్చింది. సాయంత్రానికి విజయవాడలో ఉన్నాం, రాత్రి టీవీ పెడితే వైజాగ్‌లోనే సౌతాఫ్రికా, బంగ్లాదేశ్, మళ్ళీ ఆఖరి ఓవర్లో డి క్లెర్కే గెలిపించింది. అప్పటికి మన జట్టుకి ఇంకా ఇంగ్లండ్, న్యూజిలాండ్, బంగ్లాదేశ్ మ్యాచ్‌లున్నాయి, రెండు ఓడినంత మాత్రాన అయిపోలేదు, ఈ జట్టు సెమీస్‌కి వెళ్తుందని అప్పుడే నా నమ్మకం.

మా కాలనీలో సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెట్టే కుర్రాళ్ళతో ఇంటికొచ్చాక మాట్లాడాను. భోగి రోజు పొద్దున రెండు గంటలు అమ్మాయిల మ్యాచ్‌కి ఇస్తామన్నారు, ఆరు ఓవర్లు, అదే పిచ్, అదే మైకు, అదే అంపైర్. రెండు టీములకి పద్దెనిమిది మంది కావాలి, మా అమ్మాయి క్లాసులో, క్యాంపులో అడిగితే తొమ్మిది మంది పేర్లిచ్చారు. ఈల వేసేవాళ్ళ సంగతి చూసుకోవడానికి తల్లులం నలుగురం గీత దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటాం, స్కోరు నేను రాస్తాను, నోటుబుక్కు, ఎర్ర పెన్ను అప్పుడే కొనేశాను. విజయవాడలో ఉండి, ఇంట్లో బంతి విసిరే పిల్ల ఉన్నవాళ్ళు చెప్పండి, ఇంకా తొమ్మిది ఖాళీలు ఉన్నాయి.